కేసు కట్టినంత మాత్రాన నేరం రుజువైనట్టేనా? ఫిర్యాదు నుంచి తీర్పు దాకా ఏ దశలో ఏం జరుగుతుంది?

మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. అమ్మానాన్నలు ఎన్టీఆర్ జిల్లా విస్సన్నపేటలో ఉంటున్నారు. ఒక రోజు ఉదయం ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మామిడి తోట గట్టు దగ్గర పక్క రైతుతో గొడవ జరిగింది, అతను నెట్టేయడంతో నాన్న రాళ్ల మీద పడి చెయ్యి విరిగింది. కాసేపటికి ఇంకో ఫోన్. మీ తమ్ముడు తనను చెంప మీద కొట్టాడని ఆ రైతు కూడా స్టేషన్‌కు వెళ్లాడు.

ఇది మేం ఊహించి చెప్పిన ఉదాహరణే. కానీ ఇలాంటి గొడవలు ఊళ్లలో కొత్తేమీ కాదు. ఒకే రోజు మీ ఇల్లు ఒక కేసులో బాధితుల పక్షం, ఇంకో కేసులో నిందితుల పక్షం అవుతుంది. అప్పుడు ఎఫ్‌ఐఆర్, రిమాండ్, బెయిల్, ఛార్జిషీట్ లాంటి రోజూ వార్తల్లో చదివే మాటలకు అసలు అర్థం ఏమిటో తెలియాల్సి వస్తుంది.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్), సాక్ష్యాధారాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం (బీఎస్‌ఏ) అమల్లోకి వచ్చాయి. ఏది నేరం, శిక్ష ఎంత అన్నది మొదటిది చెబుతుంది. కేసు ఎలా నడవాలో రెండోది, దేన్ని సాక్ష్యంగా తీసుకోవాలో మూడోది చెబుతాయి. ఈ మూడింటి ప్రకారం విస్సన్నపేట గొడవ ఏ దారిలో వెళ్తుందో చూద్దాం.

ఇది సివిలా, క్రిమినలా?

గట్టు ఎవరిది, హద్దు రాయి ఎక్కడ ఉండాలి అన్నది సివిల్ వివాదం. దాన్ని సర్వే, రెవెన్యూ రికార్డులు, సివిల్ కోర్టు తేల్చాలి. పోలీసులు తేల్చలేరు. మనిషిని కొట్టడం మాత్రం క్రిమినల్ నేరం. గొడవకు మూలం భూమి కాబట్టి మొత్తం సివిల్ కిందికే వస్తుందని ఎవరైనా అంటే అది సరికాదు. హద్దు వివాదం ఒక దారిలో, దాడి కేసు ఇంకో దారిలో ఒకేసారి నడవొచ్చు.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. సివిల్ దావా మీరే వేయాలి, లాయర్‌ను మీరే పెట్టుకోవాలి. క్రిమినల్ కేసును మాత్రం ప్రభుత్వమే నడుపుతుంది. కోర్టు కాగితాల మీద ఒకవైపు రాష్ట్రం పేరు, రెండోవైపు నిందితుడి పేరు ఉంటాయి. మీ నాన్న అందులో బాధితుడు, ముఖ్య సాక్షి. ఆయన తరఫున వాదించేది ప్రభుత్వ న్యాయవాది. కావాలంటే ఆయనకు సాయంగా సొంత లాయర్‌ను పెట్టుకోవచ్చు, తప్పనిసరి కాదు.

ముందు ఆసుపత్రా, స్టేషనా?

ముందు ఆసుపత్రికే వెళ్లాలి. దాడిలో దెబ్బ తగిలిందని డాక్టర్‌కు చెబితే దాన్ని మెడికో లీగల్ కేసుగా రాసుకుని పోలీసులకు సమాచారం పంపుతారు. మంచం మీద ఉన్న మనిషి స్టేషన్‌కు రానక్కర్లేదు. పోలీసులే ఆసుపత్రికి వచ్చి వాంగ్మూలం తీసుకోవచ్చు.

తర్వాత డాక్టర్ ఇచ్చే గాయాల ధ్రువపత్రం కేసు బరువును మార్చేస్తుంది. ఎముక విరిగినా, పన్ను ఊడినా బీఎన్‌ఎస్ సెక్షన్ 116 ప్రకారం అది తీవ్ర గాయం. ఉద్దేశపూర్వకంగా తీవ్ర గాయం చేస్తే సెక్షన్ 117(2) కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. మామూలు దెబ్బ అయితే సెక్షన్ 115(2) వర్తిస్తుంది. దానికి గరిష్ఠ శిక్ష ఏడాది జైలు, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. అందుకే ఎక్స్‌రే, ఆసుపత్రి చీటీలు ఒక్కటి కూడా పారేయకండి.

నాన్న కేసులో ఎఫ్‌ఐఆర్, తమ్ముడి మీద లేదు. ఎందుకు?

నేరాలు రెండు రకాలు. కోర్టు అనుమతి కోసం ఆగకుండా పోలీసులు నేరుగా కేసు కట్టి దర్యాప్తు చేయగలిగేవి కాగ్నిజబుల్ నేరాలు. హత్య, దొంగతనం, తీవ్ర గాయం చేయడం లాంటివి ఇందులోకి వస్తాయి. మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా దర్యాప్తు చేయకూడనివి నాన్‌ కాగ్నిజబుల్ నేరాలు. సెక్షన్ 115(2) కింద మామూలు దెబ్బ ఇందులోకి వస్తుంది.

నాన్న చెయ్యి విరిగింది కాబట్టి ఎఫ్‌ఐఆర్ కట్టాలి. చెంపదెబ్బ ఫిర్యాదును మాత్రం పోలీసులు రిజిస్టర్‌లో రాసుకుని, ఫిర్యాదుదారును మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లమంటారు. రెండు వైపులా న్యాయం ఒకేలా జరగలేదని ఆ రైతుకు అనిపించొచ్చు. ఈ తేడా గాయాన్ని బట్టి, సెక్షన్‌ను బట్టి వచ్చింది. ఒకే ఫిర్యాదులో చిన్న నేరంతోపాటు ఒక్క కాగ్నిజబుల్ నేరం ఉన్నా మొత్తం కేసును కాగ్నిజబుల్‌గానే చూస్తారు.

కాగ్నిజబుల్ నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాల్సిందేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితా కుమారి కేసులో తేల్చి చెప్పింది. కొత్త చట్టంలో ఒక వెసులుబాటు పెట్టారు. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేయొచ్చు. నాన్న కేసులో గరిష్ఠ శిక్ష సరిగ్గా ఏడేళ్లు. ఏడేళ్ల లోపు కాదు కాబట్టి ఆ వెసులుబాటు వర్తించదు.

హైదరాబాద్ నుంచే ఫిర్యాదు చేయొచ్చా?

చేయొచ్చు. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. అక్కడ జీరో ఎఫ్‌ఐఆర్ రాసి, దాన్ని సంబంధిత స్టేషన్‌కు పంపుతారు. నాన్నను విజయవాడ ఆసుపత్రిలో చేర్చితే అక్కడి స్టేషన్‌లోనే ఇవ్వొచ్చు. కేసు తర్వాత విస్సన్నపేటకు బదిలీ అవుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా సమాచారం పంపొచ్చు. కానీ మూడు రోజుల్లోగా వెళ్లి దాని మీద సంతకం చేయాలి. అలా చేస్తేనే అది రికార్డుకు ఎక్కుతుంది.

'మా పరిధి కాదు' అనే మాట ఎంత ఖరీదైనదో తెలుగువాళ్లకు 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన దారుణంతో అర్థమైంది. కూతురు కనిపించడం లేదని వచ్చిన కుటుంబం ఫిర్యాదు నమోదులో జాప్యం చేశారని ముగ్గురు పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు. ఆ మరుసటి నెలలోనే, అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉన్న కంచికచర్ల స్టేషన్‌లో ఒక బాలుడి అదృశ్యంపై జీరో ఎఫ్‌ఐఆర్ నమోదైంది. ఇప్పుడు కంచికచర్ల కూడా ఎన్టీఆర్ జిల్లాలోనే ఉంది. అప్పుడు ప్రభుత్వ ఆదేశాలతో నడిచిన పద్ధతి ఇప్పుడు నేరుగా చట్టంలోనే ఉంది.

ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే?

* ఫిర్యాదును రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు అడగండి.
* స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును జిల్లా పోలీసు ఉన్నతాధికారికి పోస్టులో పంపొచ్చు. ఎన్టీఆర్ జిల్లాలో కమిషనరేట్ ఉంది కాబట్టి విజయవాడలోని పోలీస్ కమిషనర్ కార్యాలయానికి పంపాలి. రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచుకోండి.
* అక్కడా ఫలితం లేకపోతే ప్రమాణ పత్రం జత చేసి మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించొచ్చు. సెక్షన్ 175(3) కింద ఆయన దర్యాప్తుకు ఆదేశించగలరు.

ఎఫ్‌ఐఆర్ కట్టాక దాని కాపీని ఫిర్యాదుదారుకు వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. ఫీజు ఏమీ ఉండదు. సంతకం పెట్టే ముందు మొత్తం చదివించుకోండి. తేదీ, సమయం, పేర్లు తప్పు పడితే ఏళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో అదే తప్పును పట్టుకుని ప్రశ్నిస్తారు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఎఫ్‌ఐఆర్ అంటే 'ఇలా జరిగిందని మాకు సమాచారం వచ్చింది' అని పోలీసులు రాసుకునే మొదటి కాగితం. అందులో ఉన్నది నిజమని అప్పటికి ఎవరూ తేల్చలేదు. అది మీ నాన్న ఇచ్చిన ఫిర్యాదుకూ వర్తిస్తుంది, మీ తమ్ముడి మీద వచ్చిన ఫిర్యాదుకూ వర్తిస్తుంది.

పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఉంటే అరెస్టు తప్పదా?

ఆ రైతు తన ఫిర్యాదులో మీ తమ్ముడు కత్తితో గాయపరిచాడని రాశాడనుకుందాం. అప్పుడు అది కాగ్నిజబుల్ అవుతుంది, తమ్ముడి మీద కూడా ఎఫ్‌ఐఆర్ పడుతుంది. ఊళ్లలో కౌంటర్ కేసు అనేది దీన్నే.

అయినా వెంటనే అరెస్టు చేయాలని ఏమీ లేదు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాసి చూపించాలి. అవసరం లేదనుకుంటే సెక్షన్ 35(3) కింద హాజరుకమ్మని నోటీసు ఇస్తారు. పాత చట్టంలో దీన్నే 41ఏ నోటీసు అనేవారు. నోటీసు వస్తే తప్పకుండా వెళ్లాలి. వెళ్లకపోవడమే అరెస్టుకు కారణం కావొచ్చు. మూడేళ్లలోపు శిక్ష పడే నేరంలో నిందితుడికి 60 ఏళ్లు దాటినా, అనారోగ్యంతో ఉన్నా డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు.

అరెస్టు చేస్తే ఈ హక్కులు ఉంటాయి.

* ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి. ఇది రాజ్యాంగంలోని 22వ అధికరణ ఇచ్చిన హక్కు.
* కుటుంబ సభ్యులకో, స్నేహితులకో సమాచారం ఇవ్వాలి.
* ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి.
* లాయర్‌ను కలిసే అవకాశం ఇవ్వాలి.
* అసాధారణ పరిస్థితుల్లో తప్ప, మహిళలను సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా అరెస్టు చేయకూడదు.

'రెండు రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టి పంపిస్తాం' అనే పద్ధతి ఏ చట్టంలోనూ లేదు.

బెయిల్, రిమాండ్ అంటే?

బెయిలబుల్ నేరమైతే బెయిల్ హక్కు. పూచీకత్తు ఇస్తే స్టేషన్‌లోనే ఇవ్వాలి. సెక్షన్ 117(2) కూడా బెయిలబులే. కాబట్టి నాన్నను నెట్టిన రైతు సాయంత్రానికి ఇంటికి వస్తే పోలీసులు అమ్ముడుపోయారని అనుకోనక్కర్లేదు. కేసు అలాగే ఉంటుంది.

నాన్‌ బెయిలబుల్ అంటే అసలు బెయిల్ రాదని కాదు. అది కోర్టు విచక్షణకు వదిలిన విషయం అని అర్థం. పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా అన్నవి చూసి కోర్టు నిర్ణయిస్తుంది. బెయిల్ రాకపోతే మేజిస్ట్రేట్ ఆదేశంతో జైల్లో ఉంచడమే రిమాండ్. అది శిక్ష కాదు. నిందితుడు రిమాండ్‌లో ఉండగా 60 రోజుల్లోగా, మరణశిక్ష, యావజ్జీవం లేదా పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో 90 రోజుల్లోగా పోలీసులు ఛార్జిషీట్ వేయకపోతే బెయిల్ అడిగే హక్కు అతనికి వస్తుంది.

'పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాడు' అనే వార్తకు విలువెంత?

ఒప్పుకోలుగా చూస్తే కోర్టులో దానికి విలువ లేదు. బీఎస్‌ఏ సెక్షన్ 23 ప్రకారం పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలును నిందితుడి మీద రుజువుగా వాడకూడదు. అతను చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకే ఆ మాట పనికొస్తుంది. భయపెట్టో, కొట్టో ఒప్పించే ప్రమాదం ఉందని బ్రిటిష్ కాలం నుంచీ చట్టం ఈ అడ్డుగోడ పెట్టింది.

మరి గట్టు దగ్గర గొడవను ఎవరో ఫోన్‌లో వీడియో తీసి ఉంటే? అది బలమైన సాక్ష్యం కావొచ్చు. అయితే వాట్సాప్‌లో తిరిగిన కాపీ మీద మాత్రమే ఆధారపడకండి. తీసిన ఫోన్‌లోని అసలు ఫైల్‌ను చెరపకుండా ఉంచమనండి. కాపీని కోర్టులో పెట్టాలంటే బీఎస్‌ఏ సెక్షన్ 63 కింద ధ్రువీకరణ పత్రం కావాలి.

ఛార్జిషీట్ తర్వాత?

ఛార్జిషీట్ అంటే 'మా దర్యాప్తులో ఇంత సాక్ష్యం దొరికింది, ఇతనే చేశాడని మేం అనుకుంటున్నాం' అని పోలీసులు కోర్టుకు చెప్పడం. అది కూడా ఒక వాదనే. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు చెప్పాలని కొత్త చట్టం అంటోంది. చెప్పకపోతే అడగండి.

తర్వాత కోర్టులో విచారణ మొదలవుతుంది. విస్సన్నపేటకు దగ్గర్లో తిరువూరులో కోర్టు ఉంది. మీ కేసు ఏ కోర్టుకు వెళ్లిందో, దాని నంబరు ఎంతో స్టేషన్‌లో అడిగి రాసుకోండి. కోర్టులో కేసుకు 16 అక్షరాలు, అంకెల సీఎన్‌ఆర్ నంబరు ఇస్తారు. ఈకోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో హైదరాబాద్‌లో కూర్చునే చూడొచ్చు.

మధ్యలో పెద్దమనుషులు రాజీ కుదిరిస్తే? ఎఫ్‌ఐఆర్ అయ్యాక స్టేషన్‌లో కాగితం రాసుకుంటే కేసు మాయం కాదు. చట్టం రాజీకి అనుమతించిన నేరాల్లో, కోర్టు ద్వారానో లోక్ అదాలత్‌లోనో అది జరగాలి. మామూలు దెబ్బ కేసును బాధితుడు రాజీ చేసుకోవచ్చు. తీవ్ర గాయం కేసులో కోర్టు అనుమతి కూడా కావాలి.

ఎంత రుజువైతే శిక్ష వేస్తారు?

ఒక్కో దశలో కావాల్సిన రుజువు పెరుగుతూ పోతుంది. ఎఫ్‌ఐఆర్‌కు సమాచారం చాలు. అరెస్టుకు సహేతుకమైన అనుమానం, అవసరం ఉండాలి. ఛార్జిషీట్‌కు సాక్ష్యాలు కావాలి. శిక్షకు మాత్రం సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నేరం రుజువు కావాలి. గట్టు ఎవరిదో తేల్చే సివిల్ కోర్టులో ఇంత అక్కర్లేదు. ఎవరి సాక్ష్యం ఎక్కువ మొగ్గు చూపిస్తే వాళ్ల వైపు తీర్పు రావొచ్చు.

క్రిమినల్ కేసులో ఇంత కఠినంగా ఎందుకుండాలి? మన జిల్లాలోనే దీనికి జవాబు ఉంది. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టకూడదని చట్టం చెబుతుంది కాబట్టి పేరు రాయడం లేదు. 2008లో నందిగామ ప్రాంతానికి చెందిన ఒక యువకుడిని పోలీసులు అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు అతన్ని దోషిగా తేల్చింది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు ఆ తీర్పును కొట్టేసి, అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. 2018లో కేసు సీబీఐకి వెళ్లింది.

దర్యాప్తు గట్టిగా లేకపోతే రెండు కుటుంబాలు నష్టపోతాయి. ఒక ఇంటి కొడుకు జైల్లో ఏళ్లు కోల్పోయాడు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు న్యాయం కోసం ఏళ్ల తరబడి తిరిగారు. నిందితుడి హక్కులు బాధితులకు వ్యతిరేకమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ హక్కులను పాటిస్తూ చేసిన దర్యాప్తే పై కోర్టులో నిలబడుతుంది.

లాయర్‌కు డబ్బులు లేకపోతే?

మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లు, దివ్యాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందొచ్చు. తక్కువ ఆదాయం ఉన్న ఇతరులకు కూడా ఉంటుంది. కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవా కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ప్రాణాపాయం ఉంటే 112, సైబర్ మోసమైతే 1930.

ఊరి నుంచి ఫోన్ వస్తే ఏం చెప్పాలి?

ముందు నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లమనండి, దెబ్బ ఎలా తగిలిందో డాక్టర్‌కు చెప్పమనండి. జరిగింది జరిగినట్టు రాసి ఫిర్యాదు ఇమ్మనండి. కోపంలో అక్కడ లేనివాళ్ల పేర్లు కూడా కలిపితే అసలు కేసు బలహీనపడుతుంది. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆసుపత్రి చీటీలు, పోస్టు రసీదులు ఒకే ఫైల్‌లో పెట్టి, ఫొటోలు తీసి మీకు పంపమనండి. తమ్ముడికి నోటీసు వస్తే ఊరు విడిచి పోవద్దని, లాయర్‌తో మాట్లాడి హాజరు కమ్మని చెప్పండి.

ఇక సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో మీ తమ్ముడి ఫొటో పెట్టి 'కేసు నమోదు' అని ఎవరైనా రాస్తే మీకు ఎలా ఉంటుందో ఆలోచించండి. రేపు ఇంకొకరి ఫొటో మీ ఫోన్‌కు వచ్చినప్పుడు, ఫార్వర్డ్ చేసే ముందు అది ఎఫ్‌ఐఆరా, ఛార్జిషీటా, తీర్పా అని ఒకసారి చూడండి. తీర్పు వచ్చేదాకా అతను నిందితుడే, దోషి కాదు.